పై తీగ లేని బాణీ

కార్క్, షాండన్ వీధి
11 ఫిబ్రవరి 1968

ఒరేయ్ బారీ,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన కార్డు అందింది. అందులో మొత్తం ఐదు మాటలున్నాయి, వాటిలో రెండు నీ పేరూ ఇంటిపేరూ. ఇంటిపేరు వేయకపోతే ఏ బారీవో నాకు తెలియదనుకున్నావు కాబోలు. లండన్ వెళ్తే మనిషికి ఇంత మర్యాద వస్తుందని తెలిస్తే నిన్ను ఇంకా ముందే పడవ ఎక్కించేదాన్ని.

నేను బాగానే ఉన్నాను. నది పొంగి కింద బజారు దుకాణాల్లోకి వచ్చింది. మన వీధి కొండ మీద ఉంది కాబట్టి మనకి మోకాళ్ల నొప్పులే తప్ప వరద భయం లేదు.

అసలు వార్త చెబుతాను. మన ఊళ్లో పుట్టి పేరు తెచ్చుకున్న సంగీతకారులందరి మీదా కార్పొరేషన్ వాళ్లు ఒక పుస్తకం వేస్తున్నారు. కమిటీ వేశారు. అధ్యక్షుడు హెగార్టీ మాస్టారు, నీ చేతుల మీద బెత్తం విరగ్గొట్టిన ఆయనే. కమిటీ టీ తాగుతుంది, రాయడం మాత్రం లైబ్రరీ తరఫున నేను. ఇరవయ్యేళ్లుగా ఇతరుల పుస్తకాలకి అట్టలు వేస్తున్నాను, ఇప్పుడొకటి నా చేత్తో రాయబోతున్నాను. నవ్వకు. నాకు చాలా సంతోషంగా ఉంది.

శనివారం పేపర్లో ప్రకటన పడిందో లేదో, సోమవారం నా బల్ల ముందు వరస కట్టారు. ఈ ఊళ్లో సంగీతకారుడు లేని కొంప ఒక్కటీ లేదని నాకిన్నాళ్లూ తెలియదు. ఒకావిడ వాళ్ల బాబాయి ఫోటో పట్టుకొచ్చింది.

"ఏం వాయించేవారండీ?" అన్నాను.

"వాయించడమా! పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనకి పక్కన నిలబడి పేజీలు తిప్పేవాడమ్మా. ముప్పై ఏళ్లలో ఒక్కసారి తప్పు పేజీ తిప్పలేదు తెలుసా!"

ఆర్గన్ వాయించినాయన పేరు మాత్రం ఆవిడకి గుర్తులేదు. ఇంకో పక్క బ్యాండుల గొడవ. నదికి ఇటు ఒడ్డు బ్యాండుని ముందు వేస్తే అటు ఒడ్డు వాళ్లు లైబ్రరీ అద్దాలు పగలగొట్టేలా ఉన్నారు. అక్షరక్రమంలో వేస్తానని చెప్పి బతికి బయటపడ్డాను.

హెగార్టీ మాస్టారు నిబంధన పెట్టారు. మనిషి నగరం హద్దుల్లో పుట్టి ఉండాలి. తన పేరు పడిన ఒక రికార్డయినా, ఒక సొంత రచనయినా ఉండాలి. ఇప్పటికి యాభై ఎనిమిది మంది తేలారు. అందులో ఆడవాళ్లు ఇద్దరు: ఒక సన్యాసిని, ఇంకొకావిడ ఎప్పుడో పోయింది.

నువ్వూ ఉన్నావురా. అందుకే ఈ ఉత్తరం. ఏ ఏడాది ఏ బృందంలో ఉన్నావో, ఏ రికార్డులు వేశావో వివరంగా రాసి పంపు. పుట్టిన వేళ నేను రాసుకుంటాలే, వానలో మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనేగా.

థేడీ హర్లీ వంటింట్లో ఆదివారం వాయింపులు ఇంకా నడుస్తున్నాయి. ఆయనకి డెబ్భై ఎనిమిది. ఫ్లూటు ఊదేటప్పుడు దగ్గడు, ఆపగానే దగ్గుతాడు, అందుకని ఎవరూ ఆపనివ్వరు. నేను ఫిడేలు తీసుకుని ఇప్పుడు అక్కడికే బయల్దేరుతున్నాను.

వివరాలు పంపే దాకా అన్నం సహించని నీ అక్క,
యూనా

* * *

లండన్, కెంటిష్ టౌన్
3 మార్చి 1968

యూనా అక్కకి,

హెగార్టీ మాస్టారు నా గురించి పుస్తకం వేయడమా! ఆయన చెప్పిన ప్రకారం నేను ఈపాటికి జైల్లో ఉండాలి. "కోక్లీ, నీ చేతులు దేనికీ పనికిరావురా" అన్న మాట కూడా పుస్తకంలో వెయ్యి, నా తరఫున.

నువ్వడిగిన వివరాలన్నీ వేరే కాగితం మీద రాశాను. తేదీలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మొదటి మూడేళ్లు నేను పగలు గోడలు కట్టి సాయంత్రం వాయించేవాణ్ణి, అప్పటివి ఏవీ గుర్తులేవు. సిమెంటు వాసన తప్ప.

ఇప్పుడు నా వార్త. అక్కా, నా ఒక్కడి పేరు మీద రికార్డు వస్తోంది! బృందం లేదు, పక్కన పాటగాళ్లు లేరు, లోపల నా ఫిడేలు ఒక్కటే, అట్ట మీద నా మొహం ఒక్కటే. కోటు అరువు తెచ్చుకున్నాను. ఫోటో తీసినవాడు "కొంచెం విచారంగా చూడండి, ఐరిష్ వాళ్లు విచారంగా ఉంటేనే అమ్ముడుపోతారు" అన్నాడు. నీ సోడా రొట్టె తలుచుకుని విచారంగా చూశాను.

రెండో వైపు మొదటి బాణీ ఏమిటో తెలుసా? "హన్నా లూసీ". నువ్వు నాకు నేర్పిందే, అమ్మమ్మ పేరుతో తిరిగే బాణీ. ఇక్కడ ఏ క్లబ్బులో వాయించినా జనం గ్లాసులు కింద పెట్టేస్తారు. ఆ రెండో భాగం ఉందే, అందరూ పైకి వెళ్తుందనుకునే చోట కిందికి దిగిపోతుంది చూడు, అక్కడ ఒకడు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కంపెనీవాళ్లు అట్ట వెనక రాయడానికి దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నారు. అమ్మమ్మకి అది ఎవరి దగ్గర నుంచి వచ్చింది? వాళ్ల నాన్న దగ్గరనా? నీకే బాగా తెలుసు, త్వరగా రాయి. ఆగస్టులో ఇంటికి వస్తాను.

అరువు కోటులో ఉన్న నీ తమ్ముడు,
బారీ

* * *

కార్క్
10 మార్చి 1968

ఒరేయ్ బారీ,

నీ ఒక్కడి పేరు మీద రికార్డు! ఉత్తరం చేత్తో పట్టుకుని పక్కింటి మిసెస్ డన్లీ దగ్గరికి, బ్రెడ్డు కొట్టుకి, చివరికి హెగార్టీ మాస్టారి ఇంటికీ వెళ్లొచ్చాను. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "వాడి చేతులు పనికొస్తాయని నేను మొదట్నించీ అంటున్నాను" అన్నారు. అమ్మ ఉంటే ఈపాటికి ఊరంతా దండోరా వేసేది.

సోడా రొట్టె మాట నేను మర్చిపోను.

సరే, ఆ బాణీ సంగతి. అట్ట మీద అమ్మమ్మ పేరు వేయించకు. వాళ్ల నాన్న పేరు అసలే వద్దు. కారణం ఉంది, అది కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. నీకు చాలా ఏళ్ల క్రితమే చెప్పవలసింది, ఏవేవో అడ్డొచ్చాయి. ఆగస్టులో వస్తానన్నావుగా, వంటింట్లో కూర్చోబెట్టి చెబుతాను. అప్పటిదాకా ఆ చోటు ఖాళీగా ఉంచమను.

పుస్తకం వేగంగా సాగుతోంది. మిలాన్ దాకా వెళ్లి పాడి, తిరిగొచ్చి బొగ్గు డిపోలో గుమాస్తా చేసిన అగస్టిన్ టూమీ కూతురు వచ్చింది. నాన్న ఇంట్లో ఒక్కనాడూ పాడలేదట. "మేం విననే లేదండీ. బొగ్గు మోసేవాళ్లు విన్నారు" అని నా బల్ల దగ్గరే ఏడ్చేసింది. ఆ మాట అలాగే పుస్తకంలో వేస్తున్నాను. మాస్టారు కొట్టేస్తే మళ్లీ రాస్తాను.

గర్వంతో కాళ్లు నేల మీద నిలవని నీ అక్క,
యూనా

* * *

లండన్
2 జూన్ 1968

యూనా అక్కకి,

మూడు నెలలు రాయలేదని తిట్టకు. ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో రికార్డు వస్తోంది, జాగ్రత్తగా విప్పు. అట్ట మీద మొహం నాదే, నమ్ము.

రేడియోలో రెండుసార్లు వేశారు! రెండుసార్లూ అదే బాణీ. పేరు మార్చాల్సి వచ్చింది. "హన్నా లూసీ" అంటే ఇక్కడివాళ్లకి ఎవరో తెలియదు కదా, "షాండన్ మెట్లు" అని పెట్టాం. మన ఊరి పేరు వస్తుంది, నీకు నచ్చుతుందనుకున్నాను. రచయిత అన్న చోట నువ్వు అమ్మమ్మ పేరు వద్దన్నావు. ఖాళీగా ఉంచుదామంటే కుదరదట, ఖాళీ ఉంటే కంపెనీవాళ్లే రాసేసుకుంటారట. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి పేరు పడేకంటే మన ఇంటి పేరు మేలని నాది వేయించాను. ఎవరో ఒకరి పేరుండాలిగా.

ఆగస్టులో రావడం కష్టం. స్కాట్లాండ్‌లో పది ఊళ్లు వాయించాలి. అక్టోబరులో మాత్రం మన సిటీ హాల్లోనే నా కచేరీ, రాసిపెట్టుకో! ముందు వరసలో నీ కుర్చీ.

తొందరలో,
బారీ

* * *

కార్క్
9 జూన్ 1968

ఫిన్బార్,

పార్సిల్ వచ్చింది. అట్ట వెనక చదివాను. "షాండన్ మెట్లు, రచన: ఫిన్బార్ కోక్లీ". బారీ అని కూడా కాదు, నీ పూర్తి పేరు. నాలుగుసార్లు చదివాను. అక్షరాలు మారలేదు.

ఎదురుగా చెప్పాలనుకున్నది ఇప్పుడు కాగితం మీదే చెబుతున్నాను. ఆ బాణీ అమ్మమ్మది కాదు. వాళ్ల నాన్నది కాదు. నాది. నేను కట్టాను.

1945, మార్చి నెల. నాకు పంతొమ్మిది. అప్పటికి రెండు నెలల క్రితం థేడీ వంటింట్లో నేను కట్టిన ఇంకో బాణీ వాయించాను. అందరూ బాగుందన్నట్టే తలలు ఊపుతున్నారు. "ఎవరి దగ్గర పట్టావమ్మాయ్ ఇది?" అని థేడీ అడిగాడు. "నేనే కట్టాను" అన్నాను, వెర్రిదానిలా నవ్వుతూ. నవ్విన మొహం అలాగే ఉండిపోయింది నాకు. ఒకడు ఫిడేలు పెట్టెలో పెట్టేశాడు. ఇంకొకడు, "పిల్ల సొంతంగా కడుతోందిరోయ్, ఇక మన తాతలు సెలవు తీసుకోవచ్చు" అన్నాడు. థేడీ లేచి టీ నీళ్లు పెట్టాడు. ఆ బాణీ మళ్లీ ఎవరూ అడగలేదు, నేనూ వాయించలేదు. ఇప్పుడు నాకే గుర్తులేదు.

తర్వాత ఇది కట్టాను. యుద్ధం రోజులు, నా ఫిడేలు పై తీగ తెగిపోయింది. ఊరంతా తిరిగినా కొత్త తీగ దొరకలేదు. మిగిలిన మూడు తీగల మీదే కట్టుకున్నాను. అందుకేరా రెండో భాగం కిందికి దిగుతుంది. పైకి వెళ్లడానికి తీగ లేదు. కళ్లు తుడుచుకున్న ఆ పెద్దమనిషికి ఇది చెప్పు.

ఈసారి థేడీ అడిగినప్పుడు "అమ్మమ్మ దగ్గర" అన్నాను. అందరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. "మళ్లీ వాయించు", "ఇంకోసారి", "కొండ మీద పాత బాణీలు ఇలాగే ఉంటాయిరా, చూశారా ఆ దిగడం!" ఆ సాయంత్రానికి ఆరుగురు నేర్చేసుకున్నారు. మర్నాడు థేడీ ఏకంగా ఇంటికొచ్చి అమ్మమ్మనే అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అమ్మమ్మ నా మొహంలోకి ఒక్కసారి చూసి, "అవునయ్యా, మా నాన్న పశువుల్ని తోలుకొస్తూ ఈల వేసేవాడు" అంది. అమ్మమ్మ వాళ్ల నాన్న ఈల వేయడం ఎవరూ వినలేదు. ఆయన చచ్చిపోయాక నా కోసం ఈల వేశాడు.

ఇరవై మూడేళ్లుగా అది అమ్మమ్మ పేరుతోనే ఊళ్లో తిరుగుతోంది. నాకు ఫరవాలేదు. అమ్మమ్మ నాకిచ్చిన చాటు అది, ఆవిడ పేరు కింద నేనున్నానని నాకు తెలుసు. నీ పేరు కింద నేను ఉండలేను.

కంపెనీకి రాసి దిద్దించు.

యూనా

* * *

లండన్
23 జూన్ 1968

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏమనుకోవాలో తెలియడం లేదు.

ఇన్నేళ్లూ అమ్మమ్మది అమ్మమ్మది అని నువ్వే చెప్పావు. నాకు నేర్పేటప్పుడు కూడా "అమ్మమ్మ ఇలా వాయించేది కాదు, ఇక్కడ నెమ్మది" అని నా చెవి మెలిపెట్టావు. ఇప్పుడు రేడియోలో రాగానే నీదయిపోయిందా? అమ్మమ్మ పిండి పిసుకుతూ ఆ బాణీ కూనిరాగం తీయడం నేను నా చెవులతో విన్నాను. ఆవిడ అబద్ధం ఆడిందంటావా? రోజూ జపమాల తిప్పే మనిషి!

దిద్దడం అనేది జరిగే పని కాదు. నాలుగు వేల రికార్డులు బజారులో ఉన్నాయి. ఒక పత్రికవాడు వచ్చి అడిగితే, పదిహేడేళ్లప్పుడు షాండన్ చర్చి మెట్లు దిగుతుంటే అడుగుల వెంబడి ఆ బాణీ వచ్చిందని చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదా! అది అచ్చయింది. ఇప్పుడు కాదంటే నేనేమవుతాను?

నీకు ఆ ఊళ్లో ఇల్లుంది, ఉద్యోగం ఉంది, అందరూ ఎరిగినదానివి. నాకు ఇక్కడ ఈ ఒక్క రికార్డు ఉంది. నా సంతోషం చూసి ఓర్వలేని మనిషివి నువ్వు కాదని నాకు తెలుసు. కోపం తగ్గాక రాయి.

బారీ

* * *

కార్క్
13 అక్టోబరు 1968

ఫిన్బార్,

కోపం తగ్గలేదు. రాయవలసినవి పోగుపడ్డాయి కాబట్టి రాస్తున్నాను.

జులైలో ఒక ఆదివారం థేడీ వంటింట్లో ఎవరో నీ రికార్డు సంగతి ఎత్తారు. ఇక ఊరుకోలేకపోయాను. ఫిడేలు ఒళ్లో పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను, తీగ తెగడం దగ్గర్నించి అమ్మమ్మ మాట దాకా. థేడీ తల వంచుకుని విన్నాడు. తర్వాత, "అమ్మాయ్ యూనా, హన్నా లూసీ మీ గుమ్మంలో నిలబడి నా మొహాన చెప్పింది, వాళ్ల నాన్నదని. చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరంటే నా ఇంట్లో నేను వినలేను. నీ తమ్ముడు దొంగ, సరే. అందుకని నువ్వు అమ్మమ్మని దొంగని చేస్తావా?" అన్నాడు. ఎవరూ నన్ను వెళ్లిపొమ్మనలేదు. నా పక్కవాడు కుర్చీ రెండంగుళాలు అటు జరుపుకున్నాడు, అంతే. ఆ తర్వాత ఆదివారాలు నేను వెళ్లడం లేదు. ఇరవై నాలుగేళ్లు వెళ్లానురా ఆ వంటింటికి.

హెగార్టీ మాస్టారికీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "చూడు యూనా. పాత బాణీ అయితే మీ అమ్మమ్మది. పాతది కాకపోతే మీ తమ్ముడిది, అచ్చులో ఉంది. ఇందులో నీకేం పని?" అన్నారు. నీ గురించి నేను రాసిన పేజీలో ఆయన తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: "వీరి సొంత రచనల్లో షాండన్ మెట్లు తలమానికం." దాన్ని టైపు చేసింది నేనే. అది నా ఉద్యోగం.

మొన్న శుక్రవారం సిటీ హాలుకి వచ్చాను. నువ్వు పంపిన ముందు వరస టికెట్టు మిసెస్ డన్లీకి ఇచ్చి, నేను వేరే కొనుక్కుని పైన కూర్చున్నాను. నువ్వు ఇంటికి రాలేదు. హోటల్లో దిగావట, మిసెస్ డన్లీ చెప్పింది. షాండన్ వీధి నుంచి ఆ హోటల్ ఇరవై నిమిషాల నడక.

బాగా వాయించావు. నీ చేయి ఎంత బాగుంటుందో నేనే మర్చిపోయాను. తర్వాత ఆ మెట్ల కథ చెప్పావు. పన్నెండు వందల మంది ముందు, మన ఊళ్లో, మన ఇంటికి కనబడే ఆ మెట్లు పట్టుకుని చెప్పావు. ఒక్క తొట్రుపాటు లేదు. "అడుగు అడుగుకీ ఒక స్వరం" అన్నప్పుడు నా పక్కనున్న పిల్ల చేతులు గుండెల మీద పెట్టుకుంది. రెండో భాగం మొదలవకముందే లేచి వచ్చేశాను.

ఇక నీకూ నాకూ మాటలేముంటాయో నాకు తెలియదు.

యూనా కోక్లీ

* * *

లండన్
3 నవంబరు 1968

అక్కా,

పైన ఖాళీ అయిన కుర్చీ నాకు కనబడింది. నువ్వు లేచి వెళ్లడం చూశాను. దీపాలు కళ్లలో కొడుతున్నా నీ నడక నాకు తెలియదా?

ఇది నేను ఎవరికీ చెప్పలేదు, తాగినప్పుడు కూడా. ఒక్కసారే రాస్తాను. చదివి పొయ్యిలో వేసెయ్.

నాకు తెలుసు. మొదట్నించీ తెలుసు. నాకప్పుడు పదకొండేళ్లు. స్కూలు ఎగ్గొట్టి వంటింటి బల్ల కింద దాక్కున్నాను, నువ్వు అప్పట్లో పనిచేసే గాజు ఫ్యాక్టరీకి సెలవని ఇంట్లోనే ఉన్నావు. నీ ఫిడేలుకి మూడే తీగలు. రెండో భాగం నువ్వు ముప్పై సార్లో నలభై సార్లో వాయించావు. ఒక చోటికి వచ్చి ఆగిపోయేదానివి, నిన్ను నువ్వే తిట్టుకునేదానివి. చివరికి కిందికి దిగావు. దిగి, ఆగి, "అదీ!" అన్నావు, గట్టిగా. తర్వాత ఒక్కదానివే వంటింట్లో గిర్రున తిరిగావు. నీ కాళ్లే కనబడ్డాయి నాకు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అమ్మమ్మ కూనిరాగం తీసిందని రాసింది అబద్ధం.

మార్చిలో నువ్వు ఖాళీగా ఉంచమని రాయగానే, నువ్వేం చెప్పబోతున్నావో అర్థమైంది. అందుకే ఆగస్టు దాకా ఆగలేదు. వారంలో సంతకం పెట్టేశాను. నువ్వు చెప్పాక చేస్తే దొంగతనం అవుతుంది, చెప్పకముందే చేస్తే తెలియక చేసినట్టుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నువ్వు నోరు విప్పినా ఎవరూ నమ్మరనీ తెలుసు. నువ్వే ఇన్నేళ్లు కాదన్నావుగా. అదీ లెక్కలోకి తీసుకున్నాను అక్కా. అంత నీచంగా ఆలోచించాను.

ఎందుకంటే, నాకు చేతులున్నాయి, అంతే. ముప్పై నాలుగేళ్లొచ్చాయి, సొంతంగా ఒక్క బాణీ రాలేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాలుగో స్వరానికి అది ఎవరిదో గుర్తొచ్చేది. ఇక్కడ అందరూ అడుగుతారు, "నీ సొంతం ఏదయినా వాయించు" అని. నీ సొంతం, నీ సొంతం. ఒకరోజు ఇది వాయించాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను.

బహిరంగంగా ఒప్పుకునే ధైర్యం నాకు లేదు. ఇది చదివి నన్ను క్షమించగలిగితే చాలు. ఉత్తరం మాత్రం కాల్చెయ్యి, నీకు దండం పెడతాను.

నీ తమ్ముడు

* * *

కార్క్
17 నవంబరు 1968

బారీ,

ఉత్తరం కాల్చలేదు. లైబ్రరీలో పనిచేసే మనిషిని కాగితం కాల్చమంటావేమిటి?

అలాగని ఎవరికీ చూపించలేదు. థేడీకి చూపించొచ్చు, నా కుర్చీ నాకొస్తుంది. మాస్టారికి చూపించొచ్చు, పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్లలేదు. మంగళవారం కమిటీ గది తలుపు దాకా వెళ్లాను, ఉత్తరం చేతి సంచిలోనే ఉంది. లోపల టీ కప్పుల చప్పుడు. ఒకరి ఉత్తరం చూపించి నా బాణీ నేను అడుక్కోవడమా అనిపించింది. వెనక్కి వచ్చేశాను.

పుస్తకానికి పనికొచ్చిన కాగితాలన్నీ, మనిషికొక అట్టపెట్టె చొప్పున, లైబ్రరీలోనే దాచాలని తీర్మానం చేశారు. టూమీ పెట్టెలో మిలాన్ రైలు టికెట్టుంది. నీ పెట్టెలో నీ ఫోటోలు, పేపరు ముక్కలు, రికార్డు అట్ట ఉన్నాయి. నీ ఉత్తరం అన్నిటికన్నా కింద పెట్టి, పెట్టె మీది జాబితాలో చివరి వరసలో రాశాను: "అక్కకు ఉత్తరం, 3 నవంబరు 1968, స్వదస్తూరి." అంతే రాశాను. నువ్వు పేరున్నవాడివి. నీ గురించి రాసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు, పెట్టె అడుగుదాకా చూసేవాడు వాళ్లలో ఒకడుంటాడు. అది రేపు కావచ్చు, మనమిద్దరం పోయాక కావచ్చు. నువ్వు ఆ రోజు కోసం భయపడుతూ బతుకు. నేను భయపడుతూ బతికింది చాలు.

క్షమించమన్నావు. నా వల్ల కావడం లేదు. పేరు తీసుకున్నందుకని కాదు, అది నేనే ఎప్పుడో అమ్మమ్మకి ఇచ్చేసి ఉన్నాను. మెట్ల కథ చెప్పినందుక్కూడా కాదు.

అమ్మమ్మ పోయిన రోజున నేను ఎందుకంత ఏడ్చానో నీకు తెలియదు. ఆ బాణీ నేను కట్టానని తెలిసిన మనిషి లోకంలో ఇంకెవరూ లేరనుకున్నాను. ఆ తర్వాత పదిహేడేళ్లు, వాళ్లందరి మధ్యా దాన్ని వాయిస్తూ, ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజంగా నేనే కట్టానా అని. నువ్వు బల్ల కింద ఉన్నావు. "అదీ!" అన్నది విన్నావు. గిర్రున తిరిగింది చూశావు. ఇన్నేళ్లలో ఏదో ఒక రోజు, రొట్టె కోసుకుంటూ, పడవ ఎక్కబోతూ, "అక్కా, నేను చూశానే" అని ఒక్క మాట అని ఉంటే ఆ బాణీ నీకు నా చేతులతో నేనే ఇచ్చేసేదాన్నిరా.

యూనా